సమజ్ కాని ఫకీరన్న

మా ఊరి రైతుల సహకార సొసైటీ సభ్యుడు ఫకీర్ అహ్మద్‌కు ఏదీ ఒక్కసారి చెబితే సమజ్ కాదు. "జర మళ్ల జెప్పుండ్రి" అనకుండా ఆయనకు పూట గడవదు. పెళ్లినాడు ఖాజీ "కబూలేనా?" అని అడిగినా అదే మాట అన్నాడట. ఖాజీ మూడుసార్లు అడిగే ఆనవాయితీ ఉంది కనుక సరిపోయింది. లేకపోతే హసన్ బీ అక్క ఇప్పటికీ పుట్టింట్లోనే ఉండేది.

సకల జనుల సమ్మెప్పుడు మరిపెడ రోడ్డు మీద కూర్చున్నాం. ఎస్సై వచ్చి లేవమన్నాడు.

"సారూ, జర మళ్ల జెప్పుండ్రి" అన్నాడు ఫకీరన్న.

ఎస్సై ఐదోసారి చెప్పేసరికి మా వంటావార్పు అయిపోయింది. ఆయనకూ ఒక విస్తరాకు వేశాం.

నేను సొసైటీలో అటెండర్ని. ఏటా సభ్యులంతా కూడే మహాజన సభ అంటే నాకు భయం. ఫకీరన్న వల్ల చాయ్ రెండుసార్లు వేడి చేయాలి.

ఓ ఏడాది సభ గోదాములో జరిగింది. ముందు కుర్చీల్లో ఊరివాళ్లు, వెనక బస్తాల మీద తండా ఆడవాళ్లు కూర్చున్నారు. చైర్మన్ సోమనర్సయ్య గడగడా చదివాడు: "పరిపాలనా సౌలభ్యం నిమిత్తం ఎరువుల విక్రయ కేంద్రమును సౌలభ్యముగా మండల కేంద్రమునకు తరలించుటకు సభ ఏకగ్రీవముగా ఆమోదించడమైనది. చేతులెత్తుండ్రి, చాయ్ సల్లారుతది."

అన్ని చేతులూ లేచాయి. తండావాళ్లవీ లేచాయి. ఫకీరన్న మాత్రం మనిషే లేచాడు.

"నర్సన్నా, జర మళ్ల జెప్పు. తరలించుటంటే ఏంది?"

"ఉర్దూల జెప్పాల్నా?"

అందరూ నవ్వారు.

"తెలుగుల జెప్పు, సాలు."

"యూరియా ఇక ఈడ ఇయ్యం. మరిపెడకు వోయి తెచ్చుకోవాలె. సమజ్ అయిందా?"

వెనక తుల్సీబాయి ఎత్తిన చెయ్యి దించేసింది. "పద్నాలుగు కిలోమీటర్లు బస్తా మోసేది నా నెత్తా, నీ నెత్తా, సారూ?"

తండా చేతులన్నీ దిగాయి. ముందు కుర్చీల్లోనూ సగం దిగాయి. ఎరువుల డిపో ఊళ్లోనే ఉండిపోయింది.

గ్లాసులు ఏరుతూ అన్నాను, "డాక్టరుకు చెవులు జూపించుకోరాదె, ఫకీరన్నా."

"ఆ తీర్మానంల సౌలభ్యం రెండుసార్లు రాసిండ్రు. ఒకటి కొట్టెయ్యమను" అన్నాడు.

కాగితం తీసి చూశాను. నిజమే.

"మరి సమజ్ కాలేదంటివి?"

"ముందటేడు తుల్సీబాయి ఏందో అడిగితే అందరు నవ్విండ్రు గద. ఆనాటి సంది ఆమె నోరు తెర్వలే. నన్ను జూసైతే ఎప్పుడు నవ్వుతనే ఉంటరు. ఇంకోసారి నవ్వితే నాకేం బరువు?"

తర్వాతి సభలో మొదటి తీర్మానం చదవగానే తుల్సీబాయి లేచింది. "సారూ, జర మళ్ల జెప్పుండ్రి."

ఎవరూ నవ్వలేదు. లేవబోయిన ఫకీరన్న మళ్లీ కూర్చున్నాడు.

సోమనర్సయ్యకు అనుమానం వచ్చింది. "ఏం ఫకీరన్నా, ఇయ్యాల నీకు ఒక్కసారికే సమజ్ అయిందా?"

ఫకీరన్న తీరిగ్గా చాయ్ ఊదుకున్నాడు.

"ఏమంటున్నవ్, నర్సన్నా? జర మళ్ల జెప్పు."