కొలవకుండా సంతకం పెట్టిన రైఫిల్

కొవిడ్ ఆంక్షలు ఎత్తేసిన మరుసటి సంవత్సరం, అక్టోబరులో ఈ సంగతి మొదలైంది. అప్పటికి నేను ఐర్లాండ్‌లో, లిమరిక్ ఊరికి అరగంట దూరంలో ఉన్న ఒక తుపాకుల దుకాణంలో ఆర్మరర్‌గా పదకొండో ఏడు పనిచేస్తున్నాను. ఆర్మరర్ అంటే తుపాకులు అమ్మేవాడు కాదు. వాటిని విప్పి, చూసి, బాగుచేసి, ఇది కాల్చడానికి పనికొస్తుందని సంతకం పెట్టేవాడు. అంతకుముందు మన సైన్యంలో పద్దెనిమిదేళ్లు ఇదే పని చేసి హవల్దారుగా బయటికొచ్చాను. మాది చీరాల. నా భార్య మార్తకు ఇక్కడి ఆసుపత్రిలో నర్సు ఉద్యోగం రావడంతో ఆమె వెనక వచ్చాను. మొదటి రెండేళ్లు గోదాములో పెట్టెలు మోశాను. తర్వాత ఈ దుకాణం యజమాని డెక్లన్ నా సైన్యం కాగితాలు చూసి, ఒక పాత షాట్‌గన్ చేతికిచ్చి విప్పమన్నాడు. విప్పి, మళ్లీ బిగించి ఇచ్చాను. ఆ సోమవారం నుంచే పనిలోకి రమ్మన్నాడు.

మా దగ్గరికి వచ్చేవాళ్లలో ఎక్కువమంది రైతులు, వేటగాళ్లు. తెలుగువాళ్లు ఎప్పుడూ రాలేదు. అందుకే ఒక శనివారం పొద్దున లోపలికి వచ్చిన మనిషి నా చొక్కా మీది పేరు చూసి తెలుగులో పలకరించినప్పుడు చేతిలో పని పక్కన పెట్టి లేచాను. అతని పేరు శ్రీకాంత్. వరంగల్ వాడు, నలభై ఏళ్లుంటాయి. డబ్లిన్ శివారు లెపర్డ్స్‌టౌన్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం, ఆ పక్కనే, శాండీఫోర్డ్‌లో కాపురం. కాలేజీలో ఎన్‌సీసీలో ఉన్నప్పుడు గురి చూసి కొట్టడం అలవాటైందట. రెండేళ్లుగా ఇక్కడి ఒక క్లబ్బులో చేరి, వాళ్ల రైఫిల్‌తోనే సాధన చేస్తున్నాడు. ఇప్పుడు సొంతది కావాలి.

"అన్నా, నాకు గొప్పది వద్దు. బడ్జెట్ తక్కువ. థౌజండ్ యార్డ్స్‌ల పేపర్ మీద పడాలె, గంతే" అన్నాడు.

ఇలాగే చాలామంది అడుగుతారు, చాలామంది తప్పుగా ఖర్చుపెడతారు. అతనికి నేను చెప్పింది ఇది. తుపాకి కర్ర అందం చూడొద్దు. కంపెనీ పేరు చూడొద్దు. ఉన్న డబ్బులో సగానికి మించి రైఫిల్ మీద పెట్టొద్దు, మిగిలింది టెలిస్కోపుకీ దాన్ని రైఫిల్‌కు బిగించే పట్టీలకీ కావాలి. బరువైన గొట్టం ఉన్నది తీసుకో, వేడెక్కినా గురి అంతగా చెదరదు. తూటా కొలత త్రీ నాట్ ఎయిట్ చాలు. మన పోలీసుల త్రీ నాట్ త్రీకి దగ్గరి చుట్టం లాంటిదే. దానికి మించిన కొలతకు ఈ దేశంలో అనుమతి దొరకడం కష్టం, తూటాలూ ఖరీదు. సెకండ్‌హ్యాండ్ అయినా ఫరవాలేదు, గొట్టం లోపల తూటా మొదట ఒరుసుకునే చోటు అరిగిపోకుండా ఉంటే చాలు. అతను ఫోన్‌లో అన్నీ రాసుకున్నాడు.

నా మనసులో అప్పటికే ఒక రైఫిల్ ఉంది. వేసవిలో టిపరరీ వైపు నుంచి ఒక పెద్దావిడ భర్త చనిపోయాక అతని రైఫిళ్లు రెండు తెచ్చి అమ్మకానికి అప్పగించింది. రెండూ ఒకే తయారీ, ఒకే కొలత. ఇక్కడ భద్రత కోసం రైఫిల్‌ను ఇనుప బీరువాలో పెట్టి, బోల్టును విడిగా వేరేచోట దాస్తారు. బోల్టు అంటే తూటాను వెనక నుంచి మూసి పట్టుకునే కడ్డీ, అది లేకుండా తుపాకి పేలదు. ఆవిడ ఆ రెండు బోల్టులనూ వంటింటి ప్రెస్సులో, అంటే అల్మరాలో, ఒక బిస్కెట్ల డబ్బాలోంచి తీసి తెచ్చింది. ఆ తయారీలో బోల్టుల మీద నంబరు ఉండదు. ఏది దేనిదో ఆవిడకు తెలియదు. నేనూ అడగలేదు. తూటా లేకుండా మూసి చూస్తే దేనికది సరిగ్గా మూసుకున్నట్టు కనిపించింది, అలాగే ఉంచేశాను.

ఆ రెండింటిలో మంచి గొట్టం ఉన్నదాన్ని శ్రీకాంత్‌కు చూపించాను. సన్న కెమెరా లోపలికి దించి, తెరమీద అతనికీ చూపించాను. అద్దంలా ఉంది. అతను రైఫిల్‌ను భుజానికి ఆనించి చాలాసేపు అలాగే నిలబడ్డాడు. దింపాక, "ఇదే అన్నా" అన్నాడు.

ఐర్లాండ్‌లో ముందు లైసెన్సు తెచ్చుకుని తర్వాత తుపాకి కొనడం ఉండదు. ముందు తుపాకిని ఎంచుకోవాలి. దాని నంబరు, మా దుకాణం రసీదు, క్లబ్బు సభ్యత్వం జతచేసి గార్డా స్టేషన్‌లో, అంటే ఇక్కడి పోలీసుల దగ్గర, దరఖాస్తు ఇవ్వాలి. సూపరింటెండెంట్ అనుమతి వచ్చేదాకా తుపాకి మా ఇనుప గదిలోనే ఉంటుంది. రసీదు ఇవ్వాలంటే మా దుకాణం నియమం ప్రకారం తనిఖీ కార్డు నిండాలి. అందులో తొమ్మిది గళ్లు. ఏడో గడి 'నో-గో'.

ఆ గడి గురించి చెప్పాలి. బోల్టు మూసినప్పుడు దానికీ తూటా అడుగుకూ మధ్య ఉండే సందు వెంట్రుకంత తేడాతో సరిపోవాలి. ఎక్కువైతే పేలినప్పుడు ఇత్తడి గుల్ల సాగి చిట్లుతుంది, మండే వాయువు వెనక్కి, కాల్చేవాడి ముఖం మీదికి తన్నుతుంది. దాన్ని కొలవడానికి తూటా ఆకారంలో రెండు ఉక్కు గేజిలు ఉంటాయి. గో గేజి పెడితే బోల్టు మూసుకోవాలి. నో-గో పెడితే మూసుకోకూడదు. నా నో-గో గేజి వారం ముందు సిమెంటు నేలమీద పడి అంచు నొక్కుకుపోయింది. నొక్కుకుపోయిన గేజి అబద్ధం చెబుతుంది. దాన్ని పారేసి కొత్తదానికి ఆర్డరు పెట్టాను. డెక్లన్‌కు చెప్పలేదు, అలాంటి చిన్న సామాను నేనే తెప్పించుకునేవాణ్ణి.

శ్రీకాంత్ గడియారం చూసుకున్నాడు. "ఇయ్యాలనే రసీదు అయితదా అన్నా? మళ్ల ఇంత దూరం రావాలంటే..." అన్నాడు. గో గేజి పెట్టి బోల్టు మూశాను. మూసుకుంది. వేళ్లతో ముందుకూ వెనక్కూ కదిపి చూశాను. వదులుగా అనిపించలేదు. పద్దెనిమిదేళ్లు సైన్యంలో, పదకొండేళ్లు ఇక్కడ పనిచేసిన చేయి బాగానే ఉందని చెప్పింది. గేజి వచ్చాక, తుపాకి ఇచ్చేముందు ఎలాగూ కొలుస్తాను కదా అనుకున్నాను. ఏడో గడిలో టిక్కు పెట్టి, కింద సంతకం చేశాను.

కొత్త గేజి నవంబరులో వచ్చింది. దాన్ని సొరుగులో పెట్టాను. జనవరి చివర్లో శ్రీకాంత్‌కు అనుమతి వచ్చింది. అతను తుపాకి తీసుకోవడానికి వచ్చినప్పుడు భార్య సౌమ్య, తొమ్మిదేళ్ల పాప కూడా ఉన్నారు. నేను కార్డు తీసి చూశాను. తొమ్మిది గళ్లూ నిండి ఉన్నాయి. నిండిన కార్డును ఎవరూ మళ్లీ చదవరు. నేను కూడా చదవలేదు, తుపాకి ఇచ్చేశాను. సొరుగుకు, నాకు మధ్య రెండడుగుల దూరం.

మార్చిలో ఒక ఆదివారం మధ్యాహ్నం డెక్లన్ ఫోన్ చేశాడు. దేశం నడిమి మిడ్‌ల్యాండ్స్‌లో, బోగ్ అనే చిత్తడి నేల అంచున ఉన్న గురి సాధన రేంజిలో, శ్రీకాంత్ రైఫిల్ వాయువు వెనక్కి అతని ముఖం మీదికి తన్నిందని, డబ్లిన్‌లో కంటి ఆసుపత్రికి తీసుకెళ్లారని చెప్పాడు. ఆ రైఫిల్‌తో అతను అప్పటికి నాలుగైదుసార్లు రేంజికి వెళ్లి కాల్చాడు. ఆ రోజు తుంపర పడుతోంది. రక్షణ కళ్లద్దాలు మసకబారుతున్నాయని తీసి టోపీ మీద పెట్టుకున్నాడట.

మార్త, నేను బయల్దేరి వెళ్లాం. దారిలో మార్త ఒక్క మాటే అడిగింది, "తుపాకి మీరిచ్చిందేనా?" అని. అవునన్నాను. ఆ తర్వాత ఆమె డబ్లిన్ దాకా నోట్లోనే ప్రార్థన చేసుకుంటూ కూర్చుంది.

ఆసుపత్రి వరండాలో సౌమ్య మమ్మల్ని చూసి లేచింది. పాప కుర్చీలో పక్కకు వాలి నిద్రపోతోంది. కుడి కన్ను తీసేయాల్సి వస్తుందని డాక్టరు చెప్పాడంది. తర్వాత నా వైపు తిరిగింది.

"అన్నా, మీరు మంచిగ చెక్ చేసే ఇచ్చిన్రు గద?"

"చూశానమ్మా. అన్నీ చూశాను" అన్నాను.

నేను ఆ మాట అన్నప్పుడు మార్త నా ముఖం చూసింది. ముప్పయ్యేళ్ల కాపురంలో నా అబద్ధం ఆమెకు తెలియకుండా ఉండదు. కారెక్కాక అడిగితే చెప్పేశాను. ఆమె తిట్టలేదు. "రేపు పొద్దున్నే వెళ్లి కొలవండి" అంది.

శ్రీకాంత్ రైఫిల్ గార్డా పోలీసుల దగ్గర ఉంది. దాని జత మాత్రం కొనేవాళ్లు లేక ఇంకా మా ఇనుప గదిలోనే ఉంది. దాన్ని నేను అంతవరకు తనిఖీ చేయలేదు. సోమవారం దుకాణం తెరవకముందే తీసి, గో గేజి పెట్టి బోల్టు నొక్కాను. మూసుకోలేదు. ఎంత నొక్కినా మూసుకోలేదు. ఆ రైఫిల్‌లో ఉన్నది దాని బోల్టు కాదు. ఆ డబ్బాలో రెండు బోల్టులూ తారుమారయ్యాయి. ఒకటి బిగుతైంది. రెండోది వదులై శ్రీకాంత్ చేతికి వెళ్లింది. నో-గో గేజి ఒక్కసారి పెట్టి ఉంటే ఒక్క నిమిషంలో బయటపడేది.

డెక్లన్ రాగానే చెప్పాను.  అతను టీ పెట్టి నా ముందు ఒక కప్పు ఉంచాడు. అతను చెడ్డవాడు కాదు. తండ్రి చేతినుంచి వచ్చిన దుకాణం, ఇంకో ఇద్దరు దాని మీద బతుకుతున్నారు. మధ్యాహ్నం బీమా కంపెనీ మనిషి వస్తాడని, ఆ వెనక గార్డా సార్జెంటు వస్తాడని చెప్పాడు. కార్డులో టిక్కు ఉంది, తూటాల్లోనే లోపం ఉండొచ్చు, అతను అద్దాలు తీసేశాడు కూడా అన్నాడు. అడిగినదానికే జవాబు చెప్పమన్నాడు. కార్డు ఉన్నంతవరకు మనకేం కాదన్నాడు.

అద్దాలు తీయడం అతని తప్పే. కానీ అద్దాల దాకా రావాల్సిన ప్రమాదం కాదది.

సార్జెంటు మధ్యవయసు మనిషి, నెమ్మదిగా రాసుకున్నాడు. అతను అడగకముందే చెప్పాను: ఏడో గడిలో టిక్కు నిజం కాదు, ఆ రోజు నా దగ్గర గేజి లేదు, వచ్చాక కూడా కొలవలేదు. అతను కలం ఆపి, ఈ మాట రాతలో పెడితే దాని ఫలితం నాకు తెలుసా అని అడిగాడు. తెలుసన్నాను. మొత్తం చదివి వినిపించాడు. సంతకం పెట్టాను.

దుకాణం రిజిస్ట్రేషన్ నిలిపివేశారు. విచారణ ఏడు నెలలు సాగింది. ఈలోగా డెక్లన్ తలుపులు మూసేశాడు. పక్క ఊళ్లో అతను ఎదురైతే తల ఊపుతాడు, ఆగడు. నా మీద కేసు పెట్టలేదు గానీ, ఆ పని మళ్లీ చేయడానికి నేను అనర్హుణ్ణని రాశారు. అలా నా ఉద్యోగ విరమణ నేను అనుకున్నదానికి చాలా ముందే వచ్చింది.

వాంగ్మూలం ఇచ్చిన మర్నాడే శాండీఫోర్డ్ వెళ్లాను. శ్రీకాంత్ ఇంకా ఆసుపత్రిలోనే ఉన్నాడు. అపార్ట్‌మెంటు తలుపు దగ్గరే నిలబడి, ఆసుపత్రి వరండాలో నేను చెప్పింది అబద్ధమని, కొలవలేదని సౌమ్యకు చెప్పాను. ఆమె ఏడవలేదు, అరవలేదు. "నేను అడిగినప్పుడన్న చెప్పాల్సింది" అంది. తలుపు మూసింది. అంతే. ఆమె మళ్లీ నాతో మాట్లాడలేదు, మాట్లాడాలని నేను ఆశించడమూ లేదు.

శ్రీకాంత్ మాత్రం వేసవిలో ఒకసారి ఫోన్ చేశాడు. కారు నడపడానికి మళ్లీ పరీక్ష పెడుతున్నారని, తెరమీద అక్షరాలు చదువుతుంటే మధ్యాహ్నానికే తల పగిలిపోతోందని చెప్పాడు. ఆఖర్న, "ఆ రోజు నేనే తొందరపెట్టిన గద అన్నా" అన్నాడు. కాదన్నాను. కొనేవాడు తొందరపెడతాడు. ఆగమనడం ఆర్మరర్ పని, జీతం ఇచ్చేది అందుకే. అతను సరేనన్నాడు. నమ్మాడో లేదో తెలియదు.

తక్కువ ధరకు దూరపు గురి రైఫిల్ కొనాలనుకునేవాళ్లు ఇప్పటికీ మార్త ద్వారానో, చర్చిలోనో నా గురించి విని సలహా అడుగుతుంటారు. ఆనాడు శ్రీకాంత్‌కు చెప్పినవే చెబుతాను. అవి తప్పు కావు. చవక రైఫిల్ ప్రమాదం కాదు, పాత రైఫిల్ కూడా కాదు. కొలవనిదాన్ని కొలిచినట్టు రాస్తే ఆ తర్వాత కొలవాల్సిన వాళ్లందరి చేతులూ ఆగిపోతాయి, రాసినవాడి చేయి కూడా. నేను నేర్చుకున్నది అది. ఖాళీగా వదిలిన గడి అయితే ఎవరో ఒకరు అడిగేవారు. అందుకని ఇప్పుడు సలహాకు ఒక మాట కలుపుతాను: రెండు గేజిలూ మీ కళ్ల ముందు పెట్టించండి, బోల్టు ఎక్కడ ఆగుతుందో మీరే చూడండి. దుకాణంవాడు నొచ్చుకుంటే నొచ్చుకోనివ్వండి. నా చేతికి తెలుసని ఎవరైనా అంటే, తుపాకి అక్కడే పెట్టి వచ్చేయండి.