మా నాయన కంప్యూటర్లో కొన్న చేను

మా చిన్నప్పుడు మా నాయన సేద్యం చేసింది కంప్యూటర్లో... నవ్వకండి, నిజమే.

అంతకుముందు తర్లుపాడు దగ్గర మాకు కాస్త మెట్ట చేను ఉండేది. బోరు మీద బోరు వేసినా దుమ్ము తప్ప నీళ్ళు పడలేదు. చివరికి చేను అమ్మేసి మార్కాపురం వచ్చేశాం. నాయన పలకల ఫ్యాక్టరీలో చేరాడు. సాయంత్రం ఇంటికొచ్చేసరికి కనురెప్పల మీద కూడా రాతి పొడి ఉండేది...

నా చదువు కోసమని ఒక పాత కంప్యూటర్ కొన్నారు. అమ్మింది బజారులో కంప్యూటర్ల దుకాణం పెట్టిన మస్తాన్ అన్న. వీధి పిల్లలందరికీ ఆటలు కాపీ చేసిచ్చేది ఆయనే. నేను మోజుపడిన పొలం ఆట కూడా కాపీ ఉందన్నాడు. నాయన ఒప్పుకోలేదు.

"దొంగది మాకొద్దు మస్తానూ. అసలుది తెప్పియ్యి, కొనుక్కుంటాం" అన్నాడు.

మస్తాన్ అన్న అట్టపెట్టెలో ఉన్న అసలు సీడీ తెప్పించాడు. ఇంటికొచ్చి, తన నెట్ తగిలించి, పెట్టె వెనకున్న నంబరు కొట్టాడు. నెట్‌లో అవతలి నుంచి కంపెనీ సరేనంటేనే ఆట తెరుచుకుంటుందట. తెరుచుకుంది.

"ఇంక మీ సొంతం మామా. ఎవురూ అడగరు" అన్నాడు.

ఆట కొన్నది నా కోసమే... నాకు దక్కితే కదా! నాయన నా వెనక నిలబడి చూసి చూసి, "ఆడ గాదు తల్లీ, గట్టు ఇట్ల రావాల" అంటూ మౌస్ లాక్కున్నాడు. కొన్నాళ్ళకు చూస్తే తెర మీద ఉన్నది అమ్ముకున్న మా చేనే. అదే వంకర గట్టు, మూలన అదే వేపచెట్టు... బోరు ఎండిన చోటే బావి తవ్వాడు. ఆటలో ఎక్కడ తవ్వినా నీళ్ళే కదా! మొదటిసారి నీళ్ళు పడ్డప్పుడు చిన్నపిల్లాడిలా చప్పట్లు కొట్టాడు.

"పగలంతా రాళ్ళు కోసొచ్చి మళ్ళా ఈ సేద్యమేంది?" అని అమ్మ దెప్పేది. దెప్పుతూనే వచ్చి పక్కన కూర్చునేది. గొడ్ల కొట్టం నీడ పడే వైపు ఉండాలని పోట్లాడి మరీ మార్పించింది.

వేపచెట్టు కింద మాత్రం నాయన ఏమీ విత్తలేదు. ఒక తెల్లరాయి పెట్టి, చుట్టూ పూలమొక్కలు నాటాడు. అది మా జేజి సమాధి... జేజి అంటే నాయన వాళ్ళమ్మ. అసలు చేలో ఆమెను పూడ్చింది అక్కడే. చేను కొన్నవాళ్ళు ట్రాక్టర్ పెట్టి ఆ మూలంతా చదును చేసేశారు. అడగడానికి మాకేం హక్కుంది? ఆ రోజు నాయన అన్నం ముట్టలేదు. ఆ తర్వాత మా జేజికి మిగిలిన జాగా ఆ తెర మీదిదే. ఆట తెరవగానే ముందు ఆ మొక్కలకే నీళ్ళు పోసేవాడు.

ఇప్పుడు నేను ఇక్కడే ఒక బడిలో టీచర్‌ని. ఏళ్ళ తరబడి పొడి పీల్చి నాయన ఊపిరితిత్తులు దెబ్బతిన్నాయి. పని మానేశాడు. వీధి చివరిదాకా పోతే ఆయాసం... ఆ పాత కంప్యూటరే ఆయనకు కాలక్షేపం. ఈమధ్య అది కూడా చెడిపోయింది.

మస్తాన్ అన్న దాని లోపలి డిస్క్ తీసి, ఉన్నదంతా నా ల్యాప్‌టాప్‌లోకి ఎక్కించాడు. నాయన కళ్ళద్దాలు తుడుచుకుని కుర్చీ దగ్గరికి జరుపుకున్నాడు. కంప్యూటర్ మారింది కదా, ఆట మళ్ళీ కంపెనీ అనుమతి కావాలంది. పెట్టె వెనకున్న నంబరు కొట్టాం. తిరిగింది, తిరిగింది... కుదరదంది. అనుమతులిచ్చే ఆ సర్వర్‌ను కంపెనీ ఎప్పుడో ఆపేసిందట. పాత కంప్యూటర్‌కు ముందే అనుమతి ఉంది కాబట్టి ఇన్నాళ్ళూ నడిచింది.

"లోపల అంతా ఉంది మామా. మీ చేను, గొడ్లు, అన్నీ ఉండాయి. కంపెనీవోళ్ళే తెరవనీడంల్యా" అన్నాడు మస్తాన్ అన్న, తప్పు తనదైనట్టు.

కంపెనీకి మెయిల్ పెట్టాను. ఆ ఆటకు సేవలు నిలిపేశామని, మా కొత్త ఆట చూడండని జవాబొచ్చింది. నాకు ఒళ్ళు మండిపోయింది.

నాలుగు రోజులకు మస్తాన్ అన్న ఒక పెన్‌డ్రైవ్ పట్టుకొచ్చాడు. అదే ఆటకు ఎవరో తాళం పగలగొట్టిన కాపీ అది. దాంతో నాయన చేను తెరుచుకుంటుందట. అంటే వీధి పిల్లల దొంగ కాపీలు ఇప్పటికీ నడుస్తాయి... నిజాయితీగా కొన్న మాదే మూతపడింది!

నాయన ఆ పెన్‌డ్రైవ్‌ను చేత్తో కూడా ముట్టలేదు.

"నా చేలోకి నేను పోయేదానికి దొంగతాళం ఏందిరా మస్తానూ?"

"ఆళ్ళు తెరవకపోతే ఏం జేస్తాం మామా?"

"ఆ పాపమేదో నాకు చుట్టుకుంటదిలే, పెట్టు తల్లీ" అని అమ్మ వంటింట్లోంచే నాతో అంది.

నాయన తల అడ్డంగా ఊపాడు. "సొంతమంటివి గదరా... కౌలని ముందే చెప్పుంటే, మాయమ్మను ఆడ పెట్టుకునేవాణ్ణి గాదు" అన్నాడు.

మస్తాన్ అన్న పెన్‌డ్రైవ్‌ను బల్ల మీద పెట్టి వెళ్ళిపోయాడు.

పెన్‌డ్రైవ్ ఇంకా బల్ల మీదే ఉంది. అది దొంగతనమంటే నేను ఒప్పుకోను. ఆయనకు చెప్పకుండానైనా తెరిచి చూపించాలనిపిస్తుంది... కానీ చెయ్యి రావడం లేదు. రోజురోజుకూ పెరుగుతున్న ఆ దగ్గు వింటుంటే, ఇంకెన్నాళ్ళు ఈ పంతమని భయం వేస్తోంది.

మీరు కూడా సొంతమనుకుని ఇట్లా పోగొట్టుకున్నది ఏదైనా ఉంటే రాయండి. నా చోట మీరుంటే ఏం చేసేవాళ్ళో అది కూడా చెప్పండి.

మా నాయన కాలంలో చేను అమ్ముకున్నవాడైనా, ఆ దారిన పోయినప్పుడు గట్టు మీద కాసేపు నిలబడి చూసుకుని వచ్చేవాడు. కొన్నవాళ్ళు వద్దనేవాళ్ళు కాదు. ఇప్పుడు పోయినవాటికి, నిలబడి చూసుకోవడానికి గట్టు కూడా లేదు...