తాండ్రకు రాసిన దస్తావేజు

ఆ రోజుల్లో (మరీ పాతకాలం కాదు, అందరి చేతుల్లో సెల్‌ఫోన్లు ఉన్న రోజులే) చిత్తూరులో రైటరు అంటే రెండే రకాలు. పోలీసు స్టేషన్లో ఫిర్యాదులు రాసుకునేవాడు ఒకడు, రిజిస్ట్రారు ఆఫీసు ముందు దస్తావేజులు రాసేవాడు ఇంకొకడు. మూడో రకాన్ని నేనే కనిపెట్టానని నా నమ్మకం. అంతకుముందు తిరుపతిలో ఒక కంపెనీలో ప్రకటనలు రాసేవాణ్ణి. ఏది రాసినా మా మేనేజరు "నవ్వు తీసెయ్యండి" అంటూ ఎర్రపెన్నుతో కొట్టేసేవాడు. రెండేళ్ళు నవ్వు తీసీ తీసీ నా మొహంలో కూడా మిగల్లేదు. చివరికి రాజీనామా రాసిచ్చాను. (అందులో కొట్టేయడానికి ఆయనకు ఏమీ దొరకలేదు.)

సొంతూరు చిత్తూరుకు తిరిగి వచ్చి, కోర్టు దగ్గర సందులో గది తీసుకుని "రైటర్: అన్ని రకాల రాతలూ రాయబడును" అని బోర్డు పెట్టాను. వచ్చినవాళ్ళంతా "స్టాంపు పేపరు ఉండాదా సార్?" అని అడిగినవాళ్ళే. మా నాయనకు ఇది శుభసూచకంగా తోచింది. "జనం వస్తా ఉండారు కదరా, వాళ్ళడిగేదే రాసియ్యి" అని పాత క్రయ దస్తావేజుల నకళ్ళు ఒక కట్ట తెచ్చి నా బల్ల మీద పడేశాడు. పైగా గడువు పెట్టాడు: "మామిడికాయల కాలం అయిపోయేలోగా నీ రాతకు ఒక్క పనన్నా రాకపోతే, ఆ మేనేజరు కాడికి నేనే పిలుసుకోనిపోతా." మా నాయన చేతులు కట్టుకుని ఆ మేనేజరు ముందు నిలబడటం తలుచుకుంటేనే నాకు అన్నం సహించేది కాదు.

తోటల్లో కాయలు పల్చబడుతుండగా పాకాల నుంచి ఒక అక్క వచ్చింది. అత్తతో కలిసి మామిడి తాండ్ర చేసి అమ్ముతుందట, ప్యాకెట్టు మీదికి నాలుగు మాటలు కావాలంది. రెండు రోజులు కూర్చుని "నాణ్యతకు మారుపేరు, నమ్మకానికి చిరునామా" అంటూ మేనేజరు మెచ్చేంత గంభీరంగా రాశాను. నాయన మీది ఉక్రోషంతో, ఇంకో కాగితం మీద తాండ్రకు క్రయ దస్తావేజు కూడా గిలికాను: "ఎవరి బలవంతమూ లేక అమ్మిన ఈ తాండ్రను తాము పుత్రపౌత్ర పారంపర్యంగా సుఖాన అనుభవించగలరు. హద్దులు: తూర్పున బెల్లం, పడమర ఎండ, ఉత్తరాన తోతాపురి రసం, దక్షిణాన మా అత్త చేతి చలవ."

నేను టీకి వెళ్ళినప్పుడు అక్క వచ్చింది. గదిలో ఉన్న నాయన బల్ల మీది రెండు కాగితాలూ చూసి ఆ దస్తావేజే ఇచ్చి పంపేశాడు. నేను తల పట్టుకుంటే, "అదే పద్ధతిగా ఉండాది. హద్దులు కూడా రాసినావు కదా!" అన్నాడు. ఆమెకు ఫోను చేస్తే, అప్పటికే అచ్చుకు ఇచ్చేసిందట. ఇక తిరుపతి ప్రయాణమే అనుకుని బట్టలు కూడా సర్దుకున్నాను.

పది రోజులకు అక్క ఫోను. "తమ్ముడా, ఏం రాసినావప్పా! బస్టాండులో ఒకరు సదవతా ఉంటే పదిమంది నవ్వతా ఉండారు. నవ్వినోళ్ళంతా కొనుక్కోని పోతా ఉండారు. సరుకంతా అయిపోయింది. ఊరగాయకు కూడా ఒక దస్తావేజు రాసియ్యి!"

అంతే. ఊరగాయల వెనక పుత్తూరు చీరల కొట్టు, దాని వెనక పెళ్ళిపత్రికలు, ఆ వెనక బెంగుళూరు కంపెనీలు వచ్చాయి. ఇప్పుడు నా దగ్గరే నలుగురు రాస్తున్నారు. పోయిన ఏడాది పాత మేనేజరే ఫోను చేసి "కాస్త నవ్వు కలిపి రాసిస్తారా?" అని అడిగాడు. ఎర్రపెన్ను ముట్టకూడదన్న షరతు మీద ఒప్పుకున్నాను. ఆ రోజు నేను వీధిలో ఎంత ఛాతీ విరుచుకుని నడిచానో చెప్పుకోవడానికి ఇప్పుడు సిగ్గేస్తుంది.

మొన్న ఏదో పనికి పొలం పాసుపుస్తకం కావాలని నాయన పెట్టె తెరిచాను. ఇంటి పత్రాల మధ్య, నలగకుండా మడిచిన తాండ్ర ప్యాకెట్టు కవరు ఉంది.

"ఇది దీంట్లో ఎందుకుండాది నాయనా?"

"దస్తావేజు కదరా, ఇంక యాడ పెట్టాల?" అని నాయన కిటికీ వైపు తిరిగి మీసాల్లో నవ్వుకున్నాడు.

ఇన్నేళ్ళుగా నాయన అందులోని వేళాకోళం తెలియక పొరపాటున ఆ కాగితం ఇచ్చాడనే అందరికీ చెబుతూ వచ్చాను. ఇప్పుడు అంత గట్టిగా చెప్పలేను.