గొంతు ఆగితే చేతులు తియ్యి

మా సారు పోయారన్న కబురు నాకు మనిషి చెప్పలేదు, ఫోన్ చెప్పింది. బ్యాంకులో మధ్యాహ్నం అన్నం డబ్బా మూత తీస్తుంటే మా పాత విద్యార్థుల గ్రూపులో మెసేజ్ వచ్చింది. నాకు పుట్టుకతో చూపు లేదు; మెసేజ్‌లన్నీ ఫోనే చదివి వినిపిస్తుంది. "సారు ఇక లేరు. నాయుడుపేట దగ్గర బండి గుద్దింది" అని చదివింది. కరెంటు బిల్లు చదివే గొంతుతోనే చదివింది. ఆ వెనకే అందరూ పెట్టిన బొమ్మల పేర్లు మొదలుపెట్టింది. జోడించిన చేతులు, జోడించిన చేతులు, ఏడుస్తున్న ముఖం, జోడించిన చేతులు. ఫోన్ తీసి గోడకేసి కొట్టాలనిపించింది. ఆయనైతే కొట్టి ఉండేవారు.

పోయినవాళ్ళను శాంతమూర్తులని రాయడం మనకు అలవాటు. మా సారు విషయంలో అది పచ్చి అబద్ధం. నాయుడుపేటలో ఎరువుల కొట్టు పైగదిలో మాలాంటి వాళ్ళకు కంప్యూటర్ నేర్పేవారు. ఆయన విరగ్గొట్టిన కీబోర్డులతో నిండిన గోతాం ఒకటి తలుపు వెనక ఉండేది. కోపం వస్తే ముందు కీబోర్డు ఎగిరేది, తరవాత మా నెత్తిన మొట్టికాయ పడేది. ఇంత కోపిష్టి దగ్గరికి మేం ఎందుకు వెళ్ళామంటే, మేం చెడిపోతే కోపం వచ్చే మనిషి అంతకు ముందు మాకెవరూ దొరకలేదు.

ఆ గదిలో తెరలన్నీ ఎప్పుడూ ఆపేసే ఉండేవి. మనుబోలు నుంచి మా నాన్న నన్ను మొదటిసారి తీసుకొచ్చినప్పుడు గుమ్మంలోనే ఆగిపోయాడు.

"ఇవేంది సారూ, ఒక్కటీ ఆన్ చెయ్యలా?"

"అన్నీ నడస్తానే ఉండాయన్నా. చూసేవాడెవుడూ లేనికాడ తెరకు కరెంటు దండగ" అన్నారు సారు.

తెర మీదున్నదాన్ని చదివి వినిపించే సాఫ్ట్‌వేర్‌ను, అంటే స్క్రీన్ రీడర్‌ను, మేమంతా గొంతు అనేవాళ్ళం. సారు దాని వేగం ఎంత పెంచుకునేవారంటే బయటివాళ్ళకు తాలింపులో ఆవాలు చిటపటలాడినట్టు వినపడేది. మాకు మాత్రం ప్రతి మాటా తెలిసేది.

ఆయనది దొరవారిసత్రం అవతల, పులికాట్ ఒడ్డున చేపలు పట్టుకు బతికే పల్లె. సరస్సులో ఏ రోజు ఎవరి వల ఎక్కడ పడాలో ఊరిపెద్దలు వంతులు వేస్తారు; ఆ వంతును పాడు అంటారు. సారు డిగ్రీ చదువుతూ సెలవులకు ఇంటికొచ్చిన రోజుల్లో, వాళ్ళ పాడులో పక్కపల్లె వాళ్ళు వల కట్టారు. మోకాలి లోతు నీళ్ళలో రెండు పల్లెలూ కొట్టుకున్నాయి. పడవ తోసే గెడలతో తలలు పగలగొట్టుకున్నారు. ఒకతన్ని కిందపడేసి ముఖం బురదలోకి తొక్కిపట్టారు. సారు అతన్ని పైకి లాగుతుంటే వెనకనుంచి కణత మీద గెడ పడింది. ఆస్పత్రిలో మెలకువ వచ్చేసరికి చూపు లేదు. కొట్టినవాడు గెడ పారేసి పరిగెత్తాడట. దాన్ని తెప్పించుకుని, ఛాతీ ఎత్తుకు కోయించి, చేతికర్ర చేసుకున్నారు.

"నా కండ్లు తీసింది గదా, దారి చూపించే పని దానికే పెట్టినా" అనేవారు. పళ్ళు కొరుకుతూ అనేవారు, నవ్వుతూ కాదు.

గొంతును ఆయన ఏనాడూ పూర్తిగా నమ్మలేదు. చూపున్నవాళ్ళకు తెలియని చిక్కు ఒకటి ఇందులో ఉంది. గొంతు ఆగిపోతే, అక్కడ చదవడానికేమీ లేక ఆగిందో, అదే చచ్చిపోయిందో మాకు తెలియదు. రెండూ ఒకటే నిశ్శబ్దం. అందుకని మళ్ళీ నొక్కుతాం, మళ్ళీ మళ్ళీ నొక్కుతాం. నొక్కినవన్నీ లోపల పోగుపడతాయి. గొంతు లేచిన మరుక్షణం అన్నీ కలిసి ఒక్కసారే మీద పడతాయి. అభ్యాస పరీక్షలో నేను అట్లాగే ఎంటర్ కొడుతూ పోయాను. గొంతు లేచి, మీ పరీక్ష ముగిసింది అని చెప్పింది. పేపరు సగం కూడా రాయలేదు.

సారు కర్ర నా వేళ్ళ పక్కనే బల్ల మీద ఫెడీమని పడింది. బల్ల చెక్క లేచి నా చేతికి గుచ్చుకుంది.

"గెడ దించి లోతు చూడకుండానే పడవలోంచి కాలు పెడతావా పాపా? చస్తావు! గొంతు ఆగితే చేతులు తియ్యి. అది గమ్మునుంటే నువ్వూ గమ్మునుండు. గెడ దించు."

గెడ దించడమంటే గొంతును టైము అడిగే మీట నొక్కడం. టైము చెబితే అది బతికే ఉన్నట్టు. చెప్పకపోతే ఇంకో మీట ముట్టుకోకూడదు. ఆ పద్ధతి నా వేళ్ళకు పట్టేదాకా వదల్లేదు.

బ్యాంకు పరీక్షకు నాన్న, సారు ఇద్దరూ నాతో నెల్లూరు వచ్చారు. "ఇంకో ఏడాది పొలం వదిలేసి నిన్ను తిప్పలేనమ్మా" అని నాన్న బస్సులోనే చెప్పేశాడు. అదే నాకు ఆఖరు అవకాశమని ముగ్గురికీ తెలుసు.

పరీక్ష నడుమ, తరవాతి ప్రశ్నకని ఒక్క మీట నొక్కాను. గొంతు ఆగిపోయింది. గెడ దించాను. టైము రాలేదు. చేతులు తీసి పైకెత్తాను.

సూపర్‌వైజర్ వచ్చాడు. "ఏమ్మా, గమ్మున కూర్చున్నావు?"

"గొంతు ఆగిపోయింది సార్. కంప్యూటర్ చదవడం లేదు."

"తెర బాగానే ఉందే. ఏదో బాక్స్ వచ్చింది, ఓకే కొడితే పోతుంది" అంటూ చెయ్యి చాపాడు.

నేను మీటలకు తగలకుండా రెండు చేతులూ అడ్డం పెట్టి కీబోర్డు మీదికి వంగిపోయాను. అతను నా భుజం పట్టి లాగాడు. అతని చెయ్యి నా ముఖం దగ్గరికి వచ్చింది, కసుక్కున కొరికేశాను. అతను అరిచాడు, ఆ బాక్స్ ముట్టుకోవద్దని నేనింకా గట్టిగా అరిచాను. వరండాలో నుంచి మా సారు వచ్చేశారు. తలుపు అద్దం పగిలిన చప్పుడు, కుర్చీలు దొర్లిన చప్పుడు, సెక్యూరిటీ వాళ్ళ బూతులు. ఎవరినో కర్రతో కొట్టారు. ఎవరో ఆయన్ను కింద పడేసి తన్నారు. తన్నులు తింటూనే అరుస్తున్నారు.

"ఆ బాక్స్‌లో ఏముండాదో ముందు చదవండ్రా! ఆ పాపకు చదివి వినిపించండి!"

హాల్లో ఉన్న ఇంకో సూపర్‌వైజర్ మేడమ్ దగ్గరికొచ్చి పైకి చదివింది. "పరీక్ష ముగించాలా? ఓకే. రద్దు."

ఆ మేడమే రద్దు నొక్కింది. కంప్యూటర్ ఆపి మళ్ళీ పెట్టించింది, పోయిన సమయం కలిపి ఇప్పించింది. మిగతా పేపరు రాశాను.

బయటికొచ్చేసరికి సారు వరండాలో నేల మీద ఉన్నారు. కుడి భుజం దగ్గర కాలర్ ఎముక విరిగింది, నోట్లో నెత్తురు. ఆస్పత్రికి రమ్మంటే రానని మా నాన్నను కూడా తిట్టారట.

"గెడ దించినావా?" అన్నారు.

"దించినా సార్."

"రాయడమైందా?"

"అయింది."

"అయితే పదండి, ఇప్పుడు పోదాం ఆస్పత్రికి."

నేనివాళ బ్యాంకు కుర్చీలో కూర్చుని ఈ నాలుగు మాటలు రాస్తున్నానంటే ఆ ఎముక పుణ్యం. అది సరిగ్గా అతకలేదు. ఆ తరవాత ఎడమ చేత్తోనే కీబోర్డులు విసిరేవారు.

ఆయన్ను గుద్దింది చప్పుడు చెయ్యని బ్యాటరీ కారు. ఆగి, చెవిపెట్టి, గెడతో రోడ్డు తడిమి, అప్పుడే అడుగేశారట. చూసినవాళ్ళు చెప్పారు. ఆయన చెయ్యాల్సిందంతా చేశారు. అది గమ్మున వచ్చింది. తలుచుకుంటే నాకు ఏడుపు కంటే ముందు ఒళ్ళు మండుతుంది.

దినం అయ్యాక పైగదికి వెళ్ళాను. సారు భార్యను మేమంతా అక్క అంటాం. అక్క తాళం తీసి, విరిగిన గెడ ముక్కలు రెండూ నా చేతిలో పెట్టింది. పై ముక్క ఆయన పట్టుకునే చోట నున్నగా అరిగి ఉంది. గదిలో ఏదో సన్నగా రొద వినపడుతోంది.

"అక్కా, సారు కంప్యూటర్ ఆన్‌లో ఉందా?"

"లేదమ్మా, తెర నల్లగానే ఉండాదే. ఎవురూ ముట్టుకోలా."

తెర ఎప్పుడూ నల్లగానే ఉంటుంది. సారు కుర్చీలో కూర్చుని మీట నొక్కాను. గొంతు ఆయన వేగంతోనే చిటపటలాడింది.

అక్క ఉలిక్కిపడింది. "ఏమంటా ఉండాదమ్మా?"

"టైము చెప్పిందక్కా."

"మరి ఆపేస్తావా?"

మీటల మీద నుంచి చేతులు తీసి ఒళ్ళో పెట్టుకున్నాను. అది గమ్మునుంది. నేనూ గమ్మునున్నాను.