గొర్రె లేని ఊలు

ఉద్యోగం పోయాక చేతులు ఊరికే ఉండకూడదని, నాలుగు నెలలుగా మంచం పక్కకు ఓ రగ్గు అల్లుతున్నాను. ఊలు రగ్గును మెషిన్లో వేడినీళ్లలో తిప్పితే కుంచించుకుని కంబళిలా దట్టంగా గట్టిపడుతుందని వీడియోల్లో చూశాను. అందుకే కావాలని దాదాపు రెట్టింపు సైజులో అల్లాను.

ఈ రోజు మూడుసార్లు తిప్పాను. కుంచించుకోలేదు సరికదా, ఇంకాస్త సాగింది. మా మణికొండ ఫ్లాట్‌లో దాన్ని పరిస్తే పడకగది తలుపు మూసుకోవడం లేదు.

మా ఇంట్లో పనిచేసే యాదమ్మ దాన్ని చేత్తో తడిమి చూసింది. వాళ్ల నాయన గొంగళ్లు నేసేవాడు. ఓ పోగు తెంపి స్టవ్ మంటకు చూపించింది. పోగు కరిగి, చివర నల్లటి పూసలా ముద్దకట్టింది.

"గొర్రె బొచ్చయితే ఎంటికలు కాలిన వాసన రావాలె మేడం. ఇది ప్లాస్టిక్."

"ఊలు అని అడిగే తెచ్చాను యాదమ్మా."

"అల్లేదాన్నంతా ఊలే అంటరు గద. గొర్రెది కావాల్నని అడిగిన్రా?"

అడగలేదు. పన్నెండేళ్లు సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ చేసినదాన్ని, మొదటిరోజు ఒక్క పోగు కాల్చి చూడాలని తోచలేదు. ఆ ఉద్యోగం ఎందుకు పోయిందో ఇప్పుడు కొంచెం అర్థమవుతోంది.

రగ్గు బాల్కనీలో ఆరుతోంది. ఆరినా కుంచించుకోదని తెలుసు. మీరైతే విప్పేస్తారా? నేనైతే సాయంత్రం నుంచి రెండుసార్లు వెళ్లి జానతో కొలిచి వచ్చాను.