పనస మొద్దులో గేదె

సునామీ నాడు మా దీవిలోని చౌల్దారీ అనే ఊళ్లో మా పెద్దమ్మ వరిమళ్లలోకి వచ్చిన ఉప్పునీళ్లు మళ్లీ పూర్తిగా వెనక్కి పోలేదు. గట్టున ఉన్న పనసచెట్టు ఆకులన్నీ రాల్చి నిలువునా ఎండిపోయింది. మరుసటి ఏడు దాన్ని కొట్టించి, "పొయ్యిలోకి పనికొస్తుంది" అంది పెద్దమ్మ.

"మొద్దు నాకియ్యి. బొమ్మ చెక్కుతాను" అన్నాను.

నేను బడిలో డ్రాయింగ్ టీచర్ని. టౌను వైపు ఆస్టినాబాద్‌లో ఉండేదాన్ని. అప్పటిదాకా మట్టిబొమ్మలు చేశానుగానీ కొయ్య ముట్టుకోలేదు. అయినా నావల్ల అవుతుందనే అనుకున్నాను. మేసే చోటు మునిగిపోయి, రోజంతా పెరట్లోనే కట్టేసి ఉంటున్న పెద్దమ్మ గేదెనే చెక్కుదామని మొదలుపెట్టాను.

సెలవురోజుల్లో బస్సెక్కి వెళ్లేదాన్ని. మొద్దుకు రెండు పక్కలా బొగ్గుతో గేదెను గీసి, ఆ గీత వెంట ఉలితో తీసుకుంటూ పోయాను. ఆకారం వచ్చాక పెద్దమ్మ చుట్టూ తిరిగి చూసింది.

"పక్కనించి గేదే. ఎదర నించుంటే బియ్యప్పెట్టెలా ఉందే!"

నిజమే. కాగితం మీద వేసే బొమ్మనే కొయ్య మీద వేశాను. ఉలి పక్కన పెట్టి పెరట్లో గేదె చుట్టూ తిరిగాను. ముందునుంచి, వెనకనుంచి, అరుగెక్కి పైనుంచి చూశాను. కళ్లు మూసుకుని దాని డొక్క, మూపు, తుంటి ఎముక తడిమాను. అది విసుక్కుని తోకతో మొహమ్మీద ఒక్కటిచ్చింది. తర్వాత మట్టితో చిన్న నమూనా చేసుకున్నాను. మట్టయితే తగ్గినచోట మళ్లీ అద్దొచ్చు. కొయ్యలో పోయింది పోయినట్టే. అందుకని మొద్దును తిప్పుకుంటూ, అన్ని వైపులా కొంచెం కొంచెంగా తీశాను. పెట్టె మూలలు పోయి పొట్ట గుండ్రబడింది.

మెడ దగ్గరికొచ్చేసరికి లోపల పగులు బయటపడింది.

"పోయిందా?" అంది పెద్దమ్మ.

"పోలేదు. తల ఇటు తిప్పేస్తాను."

పగులున్న చెక్కంతా తీసేసి, ఈగను తోలుకుంటున్నట్టు తల వెనక్కి తిప్పాను. బొమ్మకు ప్రాణం అక్కడే వచ్చింది.

ఆకురాయితో నునుపు చేసి వసారాలో నిలబెట్టాం. పాలకొచ్చిన పక్కింటి భయ్యా, "దీదీ, ఏ తో అభీ చల్ పడేగీ!" అన్నాడు, ఇప్పుడే నడిచిపోయేట్టుందని. పెద్దమ్మ బొమ్మ మూపు నిమిరింది.

"ఇదిక్కడే ఉండాలి" అంది.

వదిలేసి వచ్చాను. ఈసారి మనిషిని చెక్కాలని ఆ వారమే ఇంకో మొద్దు కోసం వాకబు చేశాను.