జాబితాలో నేను మార్చిన పేరు

లాక్‌డౌన్ పెట్టిన మొదటి వేసవిలో, కూలీలను సొంతూళ్లకు పంపడానికి రైళ్లు వేసినప్పుడు, సూరత్‌లో మా సర్కారు టీచర్లకు జాబితాల డ్యూటీ పడింది. నేను డిండోలి వైపు తెలుగు మీడియం బడిలో చెప్పేదాన్ని. ఆ బడి వరండాలోనే బల్ల వేసుకుని, మరమగ్గాల మీద పనిచేసే తెలంగాణ వాళ్ల పేర్లు రాసుకునేదాన్ని. ముందు రాయించుకున్నవాళ్లు ముందు వెళ్లాలి. మా పైఅధికారి చెప్పిన నియమం అదొక్కటే. నాకది నచ్చింది. ఎవరి బాధ పెద్దదో తేల్చే పని నాకు లేదు.

మూడో రోజు మధ్యాహ్నం జగిత్యాల వైపు మనిషి ఒకతను బల్ల ముందు కూలబడ్డాడు.

“అమ్మ పానం బాగలేదు మేడం. నన్నే కలవరిస్తున్నదట. రేపటి బండికి జర నా పేరు రాయిండ్రి.”

జాబితా నిండిపోయిందని రెండుసార్లు చెప్పాను. అతను వాదించలేదు, కూర్చుని ఏడ్చాడు. చివరి పేరును తర్వాతి బండికి మార్చి, ఆ చోట ఇతని పేరు రాశాను.

మరునాడు పొద్దున, స్టేషన్‌కు వెళ్లే బస్సు కోసం ఆ చివరి పేరు మనిషి సంచీతో వచ్చాడు.

“ఏంది మేడం, నిన్న నా పేరుండె గదా?”

జరిగింది చెప్పాను. సంచీ కింద పెట్టాడు. “నా భార్యకు నెలలు నిండినయి. ఇయ్యాలో రేపో అన్నట్టున్నది.”

“మరి చెప్పలేదేం అన్నా?”

“వరుస తప్పదని మీరే అంటిరి. చెప్తే ఏమైతదని ఊకున్న.”

బస్సులో కిటికీ పక్కన జగిత్యాల మనిషి అప్పటికే కూర్చుని ఉన్నాడు. అతన్ని దిగమనడానికి నాకు నోరు రాలేదు.

ఆ సాయంత్రం జరిగినదంతా కాగితం మీద రాసి అధికారికి ఇచ్చాను. ఆయన చదివి, అక్కడ ఆడవాళ్లను అక్కాచెల్లెళ్లలా పిలిచే ‘బెన్’ మాటతోనే హిందీలో అడిగారు. “ఏమైనా తీసుకున్నావా బెన్?”

“లేదు సర్.”

“మీ చుట్టమా?”

“కాదు.”

“మరి తప్పేముంది?” అని కాగితం తిరిగి నా చేతిలో పెట్టారు. “ఇది ఫైల్లో పెడితే నిన్ను తప్పించాలి. రేపు తెలుగు పేర్లు ఎవరు రాస్తారు?”

ఆయన నన్ను కాపాడారో, ఆయన కూడా నేను చేసిన పనే చేశారో అర్థం కాలేదు.

మర్నాడు ఒకామె పిల్లకు జ్వరమని బతిమాలింది. కుదరదన్నాను. అది నియమం మీద గౌరవమో, ఉత్త భయమో చెప్పలేను.

నేను పేరు మార్చిన మనిషి మూడు రోజుల తర్వాత వెళ్లాడు. అతను రైల్లో ఉండగానే కూతురు పుట్టింది. “ఇద్దరూ మంచిగున్నరు మేడం” అని తనే ఫోన్ చేశాడు. జగిత్యాల మనిషిని ఊరి బడిలో క్వారంటైన్‌లో పెట్టారు. ఆ రోజులు పూర్తికాకముందే తల్లి పోయింది. అతనూ ఫోన్ చేసి, మీ దయ మరువనన్నాడు. తిన్నావా అని అడిగాను.